పలక నుంచి పదం దాకా: గుంటూరు–ప్రకాశం మైదానంలో అభ్యసన వైకల్యం గల బాలలకు పదగుర్తింపు బోధన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: చదవలేని బిడ్డను తెలుగు బడి రెండు శతాబ్దాల కాలంలో మూడు పేర్లతో పిలిచింది: మొద్దు, బడికి సరిగా రానివాడు, వైకల్యం గలవాడు. పేరు మారినప్పుడల్లా పదాన్ని నేర్పే తీరు కూడా మారింది. అయితే ప్రత్యేక విద్య ద్వారా వచ్చిన పద్ధతులలో అధిక భాగం ఆంగ్లపద స్వభావాన్ని ఆధారం చేసుకొన్నవి. అక్షరాలు, గుణింతాలు, ప్రత్యయాలు కలిసి తెలుగుపదం ఏర్పడే తీరు ఆ బోధనకు పునాది కాలేకపోయింది. పత్తి, మిరప పంటల కాలచక్రం బడి హాజరును శాసించే గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఈ లోపం ఎవరి మీద ఎలా పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పదగుర్తింపు, గుణింతం, డిస్లెక్సియా, బధిరవిద్య, సహిత విద్య, వలస, మార్కాపురం పలక.

ఉపోద్ఘాతం

మార్కాపురం పలక ఎరుగని తెలుగు బడి ఒకప్పుడు అరుదు. ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలోని ఆ పట్టణం పరిసరాల్లో నేల పొరలనుంచి తీసిన రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి ఊరూరికీ పంపేవారు. ఎన్నో కుటుంబాల్లో అక్షరాభ్యాసం ఆ పలక మీదనే జరిగింది. అయితే 1987లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానాన్ని ప్రకటించి, బాలకార్మికులు అధికంగా ఉన్న పరిశ్రమలను గుర్తించి ప్రత్యేక పథకాలు ప్రారంభించినప్పుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మొరాదాబాదు ఇత్తడి సామాను పరిశ్రమల సరసన మార్కాపురం పలకల పరిశ్రమ కూడా చేరింది. ఇతర పిల్లలు దిద్దుకొనే పలకను తయారుచేసిన పిల్లల్లో బడి ముఖం చూడనివారు ఉన్నారని దీనివల్ల అధికారికంగా నమోదయింది.

‘పలక’ అనే పదాన్ని బోధనాదృష్టితో చూస్తే మరొక విశేషం కనిపిస్తుంది. అందులో మూడక్షరాలు ఉన్నాయి. మూడింటిలోనూ అకారమే. గుడి లేదు, కొమ్ము లేదు, వత్తు లేదు. పదపద్ధతిలో చదువు మొదలుపెట్టే ఉపాధ్యాయుడికి ఇంతకన్న సులభమైన పదం దొరకదు. వస్తువు బిడ్డ చేతిలోనే ఉంటుంది కనుక అర్థం చెప్పే పని కూడా లేదు. ఇటువంటి పదాన్ని సైతం నెలల తరబడి గుర్తించలేని పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వారిని బడి ఏమని పిలిచింది, వారికి పదాన్ని ఎలా చూపింది అనేవి ఈ వ్యాసానికి మూలప్రశ్నలు.

ఇక్కడ గుంటూరు, ప్రకాశం అన్నప్పుడు 2022 ఏప్రిల్ పునర్విభజనకు ముందున్న జిల్లాలని గ్రహించాలి. నేటి పల్నాడు జిల్లా, బాపట్ల జిల్లా కూడా ఆ పరిధిలోకే వస్తాయి. ప్రకాశం జిల్లా సైతం 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పొందినదే.

ఇసుకలో అక్షరం

వీధిబడిలో చదువు ఇసుకతో మొదలయ్యేది. నేల మీద ఇసుక పరచి, పంతులు పిల్లవాడి వేలు పట్టుకొని అక్షరం దిద్దించేవాడు. ‘గుంట ఓనమాలు’ అనే పలుకుబడి ఆ అలవాటునుంచి వచ్చినదే. తెలుగు వ్యాకరణం రచించిన ఎ.డి. క్యాంబెల్, బళ్లారి కలెక్టరుగా 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో దేశీయ బడులను వర్ణించాడు. ఐరోపాలో వలె అక్షరాల పేర్లు వల్లించడంతో గాక ఇసుకలో వేలితో రాయడంతో ఇక్కడి చదువు ఆరంభమవుతుందని ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నాడు. అదే నివేదికలో మరొక విమర్శ కూడా ఉంది. పిల్లలు కంఠస్థం చేసే పద్యాలు గ్రాంథిక భాషలో ఉండటంవల్ల వారికి వాటి అర్థం తెలియదని, చిలుక పలుకులవలె అప్పజెబుతారని ఆయన వాపోయాడు. బళ్లారి తెలుగు, కన్నడ బడులను గురించిన మాటలే అయినా కోస్తా వీధిబడి ఈ రెండు విషయాల్లో భిన్నమైనది కాదు.

ఈ ఇసుక మద్రాసునుంచి సముద్రాలు దాటిపోయింది. ఎగ్మూరు సైనిక అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్, దగ్గరలోని దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, 1797లో లండనులో దానిపై పుస్తకం ప్రచురించాడు. అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండులో వ్యాపించింది. ఇరవయ్యో శతాబ్దంలో మారియా మాంటిస్సోరి గరుకు కాగితపు అక్షరాలను వేలితో తడమమన్నప్పుడు, గ్రేస్ ఫెర్నాల్డ్ పదం మొత్తాన్ని వేలితో దిద్దించి చదవలేని పిల్లలకు చదువు చెప్పి 1943లో గ్రంథం రాసినప్పుడు, స్పర్శ, కదలిక, ధ్వని, దృష్టి కలిసిన ‘బహుళేంద్రియ పద్ధతి’ శాస్త్రీయమైన పేరు పొందింది. మన ప్రత్యేక విద్యా శిక్షణలో ఆ పద్ధతి పాశ్చాత్య ఆవిష్కరణగానే పాఠ్యాంశమైంది. పంతులు ఇసుకకు అందులో చోటు దక్కలేదు.

అయినంతమాత్రాన వీధిబడిని స్వర్ణయుగంగా ఊహించుకోవడం సరికాదు. ఆ ఇసుక అందరి పిల్లల వేళ్లకూ అందలేదు. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్, 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ నెలకొల్పిన సంస్థల బడుల్లోనే మాల, మాదిగ కుటుంబాల పిల్లలు ఎందరో తొలిసారి అక్షరం చూశారు. పైగా వీధిబడిలో అక్షరం నిలవని పిల్లవాడికి శుంఠ, మొద్దు, మట్టిబుర్ర అనే మాటలు, వాటితోపాటు కోదండం వంటి శిక్షలు సిద్ధంగా ఉండేవి. మొద్దు అనే మాట ఒక నిర్ధారణ. ఆ మాట పడ్డాక కారణం వెతికే పని ఉండదు. వాడు గొడ్ల వెంట పోయేవాడు.

అచ్చు పుస్తకం వచ్చిన తరువాత, 1847 ప్రాంతంలో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రి కూర్చిన పెద్దబాలశిక్ష మొదలుకొని, అక్షరమాల, గుణింతం, వత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు అనే క్రమం స్థిరపడింది. ఆనాటి ముద్రణలో వలపలగిలక కూడా ఉండేది. హల్లు కుడిపక్కన రాసి, హల్లుకు ముందు రేఫగా పలికే గుర్తు అది. కన్ను చూసే వరుస, చెవి వినే వరుస వేరైన చోట చదువరికి ఎంత శ్రమ కలుగుతుందో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు. ఆధునిక ముద్రణ దానిని వదిలించుకొంది. ఇతర చోట్ల అదే చిక్కు మిగిలే ఉంది.

పదాంధత్వం

1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు పద్నాలుగేళ్ల బాలుని గురించి రాశాడు. అన్ని విధాలా తెలివైన ఆ బాలుడు చదవలేడు. గ్లాస్గో నేత్రవైద్యుడు హిన్షెల్‌వుడ్ 1917లో ఈ స్థితి మీద గ్రంథమే రచించాడు. వారు వాడిన మాటను తెలుగులో ‘పదాంధత్వం’ అనవచ్చు. పదం ఒక ఆకారమని, ఆ ఆకారాన్ని మెదడు నిలుపుకోలేకపోతోందని వారి భావన. అదే కాలంలో బెల్జియం వైద్యుడు డెక్రోలి, 1901లో బుద్ధివికాస లోపం గల పిల్లలకు సంస్థ నెలకొల్పి, అక్షరాలతో గాక పూర్తి పదంతో, వాక్యంతో మొదలుపెట్టే సమగ్ర పద్ధతిని రూపొందించాడు. 1936లో అమెరికాలో ఎడ్వర్డ్ డాల్చ్ 220 పదాల పట్టిక ప్రకటించాడు. పుస్తకాల్లో పదేపదే వచ్చే ఆ పదాలను పిల్లలు అక్షరాలు కూడబలుక్కోకుండా చూపుతోనే గుర్తించాలని ఆయన ఆశయం.

ఆంగ్లానికి ఈ పట్టిక అవసరమే. అక్కడ అక్షరానికీ ధ్వనికీ పొత్తు కుదరని పదాలు చాలా ఉన్నాయి. పైగా ఆ పట్టికలో నామవాచకాలు లేవు. తెలుగులో ‘కు’, ‘లో’, ‘తో’, ‘నుంచి’ అని మనం ప్రత్యయాలుగా చేర్చే అర్థాలను ఆంగ్లం విడి పదాలుగా రాస్తుంది. అటువంటి పదాలు పట్టికలో పెద్దస్థానం ఆక్రమిస్తాయి. పట్టిక భావననే తెలుగులోకి తెచ్చుకొంటే ఏమవుతుందన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

1939లో మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. స్వాతంత్ర్యానంతరం ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల తెలుగు బోధనా గ్రంథాల్లో అక్షర పద్ధతి, పద పద్ధతి, వాక్య పద్ధతి, కథా పద్ధతి అనే విభజన స్థిరపడింది. పద పద్ధతి గుణాలుగా అవి పేర్కొన్నవి ఆసక్తి, అర్థవంతత. రెండూ నిజమే. చదవలేని బిడ్డ మాట ఆ చర్చలో అరుదుగానే వచ్చింది.

తెలుగుపదం తీరు

‘బడి’ అనే పదాన్ని చిత్రంతో జతచేసి అట్టముక్క మీద చూపుతూ వచ్చాం అనుకొందాం. బిడ్డ దాన్ని చూడగానే గుర్తిస్తున్నాడు. మరుసటి రోజు పుస్తకంలో అతనికి కనిపించేది ‘బడికి’. ఆ తరువాత ‘బడిలో’, ‘బడినుంచి’, ‘బళ్లు’, ‘బళ్లకు’. చివరి రెండింటిలో నేర్చుకొన్న ఆకారం సగం మాయమైంది. ‘చేను’ అన్నది ‘చేనికి’, ‘చేలో’, ‘చేలు’ అవుతుంది. ‘మిరపకాయ’ అన్నది ‘మిరపకాయల్ని’ అయ్యేసరికి కంటికి పొడవైన కొత్త పదమే. పైన సంధి వచ్చి చేరితే పదం హద్దు కూడా చెరిగిపోతుంది. తెలుగు నామవాచకం పుస్తకంలో ఒకే ముఖంతో పదేపదే కనిపించదు. ఆకారాన్ని బట్టి పదాన్ని నిలుపుకొనే పద్ధతికి కావలసినదే ఆ పునరావృత్తి. ఇక్కడ పునరావృత్తి ప్రత్యయాలది. కాబట్టి తెలుగులో చూపుతో గుర్తించవలసిన పట్టిక అంటూ ఉంటే అందులో ముందుండవలసినవి ‘కు’, ‘ని’, ‘లో’, ‘తో’, ‘లు’, ‘ల’ వంటి ముక్కలు. అవి విడిగా అర్థం ఇవ్వవు కనుక అట్టముక్కల పెట్టెలోకి వాటిని ఎవరూ చేర్చరు.

రెండవ చిక్కు అక్షరంలోనే ఉంది. ‘క’ గుణింతం పూర్తిగా రాస్తే పదహారు రూపాలు. హల్లులన్నిటినీ లెక్కిస్తే ఐదువందలు దాటుతాయి. వత్తులు వాటికి అదనం. ‘మిరప’, ‘మిర్చి’ అనే రెండు మాటలను పోల్చి చూడవచ్చు. మొదటిది మూడక్షరాలు వరుసగా ఎడమనుంచి కుడికి చదువుకొంటూ పోవచ్చు. రెండవదానిలో గుడి ‘ర’ మీద ఉంటుంది, చ వత్తు కింద ఉంటుంది. పలికేటప్పుడు మాత్రం రేఫ, చకారం, ఆ తరువాతనే ఇకారం. కన్ను రకారం దగ్గర ‘రి’ని చూస్తుంది, నోరు ‘ర్చి’ అనాలి. ‘పత్తి’లోనూ ఇదే అమరిక. అయితే వత్తు అదే హల్లు కనుక తప్పు బయటపడదు. క్రావడి ఎడమవైపున మొదలై హల్లు తరువాత పలుకుతుంది. ‘మ–వు’, ‘ప–వ’, ‘బ–భ’, ‘ద–ధ’ వంటి ఆకార సామ్యాలు వీటికి తోడు. ఈ పంట ప్రాంతంలో ఊరి మాటలుగా మొదట గుర్తుకొచ్చే పత్తి, మిర్చి రెండూ లిపిదృష్టిలో మొదటి పాఠానికి తగినవి కావన్నది కొంత విచిత్రమే.

పరిశోధన ఈ విషయాన్ని ఆలస్యంగానైనా పట్టుకొంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రాచార్యులు డి. వసంత 2004లో తెలుగు పిల్లల ధ్వనిజ్ఞానంపై ప్రకటించిన వ్యాసం తెలుగును అర్ధ అక్షరాత్మక లిపిగా తీసుకొని, ఆంగ్ల ప్రమాణాలతో గాక ఆ లిపి స్వభావంతోనే ఆలోచించవలసిన అవసరాన్ని ముందుంచింది. సోదర లిపి అయిన కన్నడంపై సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన అధ్యయనం అక్షరాల అభ్యాసం ఒకటి రెండు తరగతులతో ముగియదని, నాలుగో తరగతి దాకా సాగుతుందని చూపింది. ఆంగ్లంలో అక్షరమాల నేర్వడం ఏడాదిలో తేలిపోయే పని. అదే కొలతతో రెండో తరగతి తెలుగు బిడ్డను వెనుకబడినవాడని తీర్మానించే ప్రమాదం ఎంత ఉందో దీనివల్ల విదితమవుతుంది.

పెదవుల మీద కనిపించని పదం

పూర్తి పదాన్ని ఆకారంగా చూపడం తెలుగులో ఎక్కడా పనికిరాదని దీని భావం కాదు. వినలేని బిడ్డ విషయంలో లెక్క మారుతుంది. బాపట్లలో బధిరుల ఆశ్రమ పాఠశాల, జూనియర్ కళాశాల, ఒంగోలులో బధిరుల ఆశ్రమ పాఠశాల ఉండటంవల్ల ఈ మైదానానికి తెలుగు బధిరవిద్యలో ప్రత్యేక స్థానం ఉంది.

1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ సంజ్ఞలను కాదని మాటనే బోధనామాధ్యమంగా తీర్మానించింది. ఆ ప్రభావం భారతీయ బధిర పాఠశాలల్లో శతాబ్దం పాటు కొనసాగింది. పెదవుల కదలిక చూసి పదాన్ని గ్రహించాలన్నది దాని సారం. తెలుగు పలుకుబడికి దీన్ని అన్వయిస్తే ప, బ, మ మూడూ పెదవుల మీద ఒక్కటే. పాలు, బాలు, మాలు అన్నప్పుడు చూసేవాడికి తేడా తెలియదు. కవర్గమంతా గొంతు దగ్గర పలుకుతుంది కనుక అసలు కనిపించదు. ప్రత్యయాల సంగతి మరీ కష్టం. మాట చివర తేలికగా పలికే ‘కి’, ‘ని’ పెదవుల మీద జాడ వదలవు. వినగల బిడ్డ బడికి రాకముందే విభక్తులన్నీ చెవితో నేర్చుకొని ఉంటాడు. వినలేని బిడ్డకు అవి మొదటిసారి కనిపించేది అచ్చులోనే. అందుచేత అతనికి రాసిన పదం మాటకు నకలు కాదు, మాటకన్న నమ్మదగిన సాక్ష్యం.

వస్తువు, సంజ్ఞ, రాసిన పదం మూడింటినీ ఒకచోట చేర్చడం ఇటువంటి బిడ్డకు సహజమైన ప్రవేశద్వారం. ఆ ద్వారం నామవాచకాల గది దాకానే తీసుకుపోతుంది. ‘రాముడు’, ‘సీత’, ‘చూచు’ అనే మూడు పదాలూ తెలిసిన బిడ్డ, ‘రాముణ్ణి సీత చూసింది’ అన్న వాక్యంలో ఎవరు ఎవరిని చూశారో తేల్చుకోవలసింది ఆ ‘ణ్ణి’తో. బధిర విద్యార్థుల తెలుగు రాతలో విభక్తులు లుప్తం కావడాన్ని బుద్ధిలోపంగా భావించడం ఎంతటి అన్యాయమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. పరీక్షల్లో భాషా మినహాయింపులు, తగ్గించిన ఉత్తీర్ణతా మార్కులు ఉపశమనమే. అయితే మినహాయింపు లభించిన చోట నేర్పే బాధ్యత సడలిపోతుందన్న మాట కూడా కాదనలేనిది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడి సంజ్ఞకు గుర్తింపు పెరిగింది. తెలుగు విభక్తిని సంజ్ఞతో ఎలా జతచేయాలన్నది తెలుగు శాఖలు, ప్రత్యేక విద్యాశాఖలు కలిసి కూర్చుంటే తప్ప తేలని విషయం.

కోతల కాలం

బడి జూన్‌లో తెరిచి ఏప్రిల్ చివర మూస్తారు. పత్తితీత నవంబరులో ఊపందుకొంటుంది. మిరపకోత సంక్రాంతి ముందు వెనుకల మొదలై వేసవి దాకా విడతలు విడతలుగా సాగుతుంది. మిరపకోతకు యంత్రం లేదు. కాయను వేళ్లతో తుంచాలి. ప్రకాశం పశ్చిమ మండలాలనుంచి, కర్నూలు ప్రాంతంనుంచి కుటుంబాలు గుంటూరు, పల్నాడు చేలకు తరలివస్తాయి. పిల్లలు వెంట వస్తారు. కొందరు చెట్టు నీడన తమ్ముణ్ణి చూసుకొంటారు, కొందరు తామే కోస్తారు. మొదటి తరగతిలో డిసెంబరు నాటికి బిడ్డ సరళ పదాల దాకా వచ్చి ఉంటాడనుకొంటే, గుణింతాలు, వత్తులు నిలదొక్కుకోవలసిన నెలల్లోనే బడి తప్పుతుంది. తిరిగి జూన్‌లో వచ్చేసరికి పై తరగతి. వలస కుటుంబాల పిల్లలకోసం నెలకొల్పిన సీజనల్ హాస్టళ్లు ఈ చిక్కును పాక్షికంగా గుర్తించిన ఏర్పాటే. పత్తి విత్తన క్షేత్రాల్లో బాలికల శ్రమపై దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు రాష్ట్రంలో పంటకూ బడికీ ఉన్న ఈ వైరాన్ని మరొక కోణంలో చూపాయి.

ఈ నేపథ్యంలో ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’ అనే వర్గం మన చట్టంలోకి వచ్చిన తీరు గమనార్హం. 1974లో వికలాంగ బాలల సమీకృత విద్యా పథకం వచ్చింది. 1995 చట్టం ఏడు వైకల్యాలను పేర్కొంది. చదవలేకపోవడం వాటిలో లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ధ్రువపత్రాలకు ఏర్పాటైన ‘సదరం’ విధానమూ మొదట ఆ పరిధిలోనే సాగింది. 2007లో ‘తారే జమీన్ పర్’ చిత్రం ద్వారా డిస్లెక్సియా అన్న మాట తెలుగు మధ్యతరగతి ఇళ్లకు చేరింది. చట్టం చేరడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో దాన్ని చేర్చింది. 2018 జనవరిలో వెలువడిన కేంద్ర మార్గదర్శకాలు నిర్ధారణకు బెంగళూరు నిమ్‌హాన్స్ పరీక్షామాలను పేర్కొన్నాయి. భారతీయ భాషల్లో డిస్లెక్సియాను పరీక్షించడానికి 2015లో వెలువడిన ‘డాలి’ సాధనం మొదట హిందీ, మరాఠీ, కన్నడం, ఆంగ్లాలకు పరిమితమైంది.

నిర్వచనంలో ఒక మినహాయింపు ఉంది. తగిన బోధన అందకపోవడంవల్ల గాని, బోధనాభాష రాకపోవడంవల్ల గాని కలిగిన ఇబ్బందిని ఈ వైకల్యంగా లెక్కించరాదు. శాస్త్రదృష్టిలో ఈ నియమం సబబే. మిరప చేల మధ్య దాని ఫలితం వేరు. నాలుగు నెలలు బడి తప్పిన బిడ్డ చదవలేకపోతే కారణం గైర్హాజరు అని రాసుకొంటారు. ఆ బిడ్డకు నిజంగానే డిస్లెక్సియా ఉంటే దాన్ని కనిపెట్టే దారి అక్కడితో మూసుకుపోతుంది. ధ్రువపత్రం తెచ్చుకొని అదనపు సమయం, లేఖరి సౌకర్యం పొందగలిగేది పన్నెండు నెలలూ ఒకే ఊళ్లో ఉండి, నగరంలోని నిపుణుల దగ్గరకు వెళ్లగలిగే కుటుంబం. మొద్దు అన్న పాత మాట పోయి, దాని స్థానంలో రెండు మాటలు వచ్చాయి: ఉన్నవారి బిడ్డకు డిస్లెక్సియా, కూలి బిడ్డకు గైర్హాజరు.

భాష సంగతీ ఇంతే. పల్నాడు, పశ్చిమ ప్రకాశం తండాల్లో ఇంటిభాష లంబాడీ. పద పద్ధతి మొత్తం బిడ్డకు పదం ముందే తెలుసునన్న నమ్మకం మీద ఆధారపడింది. తెలియని మాటను గుర్తించమనడం చదువు కాదు, బొమ్మను జ్ఞాపకం పెట్టుకోవడం. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు నూరేళ్లకు పైబడిన కాలంలోనే బడి నడిపి చూపారు. 2004లో రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రారంభించిన బహుభాషా విద్యలో బంజారా కూడా ఉంది. తండానుంచి మామూలు బడికి వచ్చే బిడ్డకు అది అందిందని చెప్పడం కష్టం.

చేనిమాటలు

‘పలక’లోని ప, ల, క అనే మూడు హల్లులకు గుణింతం చేర్చితే ఏమేమి మాటలు వస్తాయో చూడాలి. కల, కలప, పాలు, కాలు, పులి, పూలు. ఇంకా కలుపు, కూలి, కాపు. సున్న చేర్చితే పొలం. ఒకే వత్తుతో పిల్ల, కుప్ప. మూడు హల్లుల కుటుంబంలో ఒక వ్యవసాయ గ్రామమే ఇమిడి ఉంది.

బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ 1963లో ఆంజికోస్ పట్టణంలో దాదాపు 300 మంది శ్రామికులకు అక్షరాలు నేర్పినప్పుడు అనుసరించిన మార్గం ఇదే. ఇటుక అనే అర్థం గల ‘తిజోలు’ వంటి జీవనపదాన్ని తీసుకొని, దాన్ని ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు అచ్చులన్నీ చేర్చి పట్టికగా చూపి, వాటితో కొత్త పదాలు కట్టించాడు. ఆ పట్టికను తెలుగువాడు చూస్తే గుణింతం అంటాడు. మన బడిలో గుణింతం వల్లెవేతకు మారుపేరై, అర్థానికి శత్రువుగా పేరుపడింది. పద పద్ధతి వచ్చి గుణింతాన్ని పక్కన పెట్టమంది. రెండింటినీ కలిపి, తెలిసిన పదంనుంచి గుణింతానికి, గుణింతంనుంచి కొత్త పదానికి వెళ్లే దారి పఠనవైకల్యం గల బిడ్డకు ఎక్కువ అవసరం. అతడు ఐదువందల రూపాలను విడివిడిగా మోయలేడు. ఒక హల్లు, దాని మీద మారే గుర్తు అనే సూత్రాన్ని మోయగలడు.

దీనికి బలమైన అభ్యంతరం ఉంది. కూలి బిడ్డకు ‘కూలి’ అనే పదాన్ని మొదటి పాఠంగా ఇవ్వడం అతన్ని ఆ చేలోనే కట్టివేయడం కాదా? చేనునుంచి బయటపడే దారి అనుకొనే తల్లిదండ్రులు బిడ్డను బడికి పంపుతారు. తరతరాలుగా కులాన్ని పనితో ముడివేసిన సమాజంలో ఈ ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. ఫ్రెయిరీ ముందు కూర్చొన్నవారు తమ పనిని తామే చర్చించగల పెద్దలు. ఆరేళ్ల బిడ్డకు అదే వర్తించదు. ఆమె చెప్పిన మాటలనుంచి ఎంచుకోవడమే న్యాయమైన మార్గం. ఆ మాటల్లో కూలి ఉండవచ్చు, పులి ఉండవచ్చు. చాలాసార్లు పులే ఉంటుంది.

మేధోవైకల్యం గల పిల్లల విషయంలో మరొక రకపు పదగుర్తింపు ముందుకొస్తుంది. 1984లో సికిందరాబాదులో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రోజువారీ జీవనానికి పనికివచ్చే విద్యకు ప్రాధాన్యమిచ్చింది. బస్సు బోర్డు, తన పేరు, మరుగుదొడ్డి మీది గుర్తు వంటివి అందులోకి వస్తాయి. ఇక్కడ పూర్తి పదాన్ని ఆకారంగా గుర్తించడమే తగిన లక్ష్యం. బోర్డు మీది పదానికి విభక్తులు చేరవు, అది రోజూ ఒకే ముఖంతో కనిపిస్తుంది. పత్తి, మిరప పండించే ఊళ్లో అటువంటి పదాల్లో మొదటిది పురుగుమందు డబ్బా మీద ఉంటుంది. 1971 క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒకటి విషతీవ్రతను తెలుపుతుంది. అత్యంత విషపూరితమైన వాటి మీద పుర్రె, ఎముకల గుర్తు, విషమన్న హెచ్చరిక ఉంటాయి. ఖాళీ డబ్బా కడిగి నీళ్లకు వాడుకొనే ఇళ్లున్న చోట ‘విషం’ అనే రెండక్షరాలు గుర్తుపట్టడం చదువులో భాగమా కాదా అన్న చర్చకు తావు లేదు. ఆ రెండక్షరాల్లోనూ చిక్కు ఉంది. ‘వి’, ‘పి’ ఆకారాలు దగ్గర, ‘షం’, ‘పం’ ఆకారాలూ దగ్గర. రంగును, పుర్రెను, పదాన్ని కలిపి నేర్పి, క్రమంగా రంగును తొలగించి పదాన్ని నిలపడం ప్రత్యేక విద్యలో తెలిసిన మెళకువే.

ఈ పని జరగవలసిన స్థలం మండలానికొకటిగా నెలకొన్న భవిత కేంద్రం. సర్వశిక్షా అభియాన్ కాలంలో సహిత విద్యలో భాగంగా ఏర్పడిన ఈ కేంద్రాల్లో రిసోర్సు ఉపాధ్యాయులు వినలేని, చూడలేని, నడవలేని, మేధోవైకల్యం గల పిల్లలందరినీ ఒకేచోట చూస్తారు. బడికి రాలేని బిడ్డ ఇంటికి వెళ్లి చదువు చెప్పే బాధ్యత కూడా వారిదే. వారి శిక్షణ ఏదో ఒక వైకల్యంలో ప్రత్యేకమైనది. తెలుగు లిపి, తెలుగు పదనిర్మాణం అందులో విడి అంశాలు కావు. మరోవైపు భాషోపాధ్యాయుల శిక్షణలో వైకల్యం ఒక అధ్యాయం మాత్రమే. 2020నుంచి ప్రాథమిక పాఠ్యపుస్తకాలు ఎడమ పుటలో ఒక భాష, కుడి పుటలో ఒక భాషగా తెలుగు, ఆంగ్లాలతో వెలువడుతున్నాయి. తెలుగు పుటలో ‘బడికి’ అన్న ఒక్క మాట ఆంగ్ల పుటలో రెండు మాటలవుతుంది. ఆ రెండింటిలో మొదటిది, తెలుగులో పదం చివర అతుక్కొని ఉన్న ‘కి’యే. రెండు పుటల మధ్య వేలు కదిపి ఈ సంగతి చూపగల ఉపాధ్యాయుడికి ఆ పుస్తకం పనికివచ్చే సాధనమే.